బియ్యప్పిండితో చదివిన పేర్లు

తగరపువలస దాటాక, గోస్తనీ ఒడ్డున,
జీడితోట వెనక మెట్ట మీద
జలుమూరి వాళ్ళ సమాధులు.
సర్వే కాగితంలో మాత్రం ఆ చోటు
"పోరంబోకు, రాళ్ళు".

రోడ్డు పడుతుందట.
ఎన్నున్నాయో రాసివ్వమన్నాడు వీఆర్వో,
సోమవారం లోపల.

లాంగ్ నోటుబుక్కు, టేపు, అరిగిన టూత్ బ్రష్షు,
పావుకిలో బియ్యప్పిండి.
పిండి సంగతి కరుణమ్మత్త చెప్పింది.
నాచు గీకి, పిండి పామి, అరచేత్తో తుడిచేస్తే
గుంటల్లో మిగిలిందే పేరు.

ముగ్గులెరగని ఇంటిదాన్ని.
యాభై ఏళ్ళు దాటాక మొదటిసారి
ముగ్గు పెట్టానంటే ఈ వాకిట్లోనే.

మొదటి రాయి దేవదానం తాతది.
పందొమ్మిదొందల పదకొండు.
"ప్రభువునందు నిద్రంచెను."
రాయి చెక్కినవాడు ఒక గుడి మర్చిపోయాడు.
గుడి గడప తొక్కనివ్వని కాలంలో పుట్టినాయన
గుడి లేకుండానే
నూరేళ్ళ పైన నిద్రపోతున్నాడు.
పుస్తకంలో దిద్ది రాయబోతే
అత్త కర్రతో నా మోచెయ్యి తట్టింది.
"ఉన్నదున్నట్టు రాసీ. తప్పు కూడా ఆలదే."

ఎస్తేరు. పురిట్లో పోయింది. రాయి ఒరిగింది.
సీమోను. పాము. రాయి బాగుంది.
పద్నాలుగోది చిన్న రాయి, అక్షరం లేదు,
"పేరు తెలియని శిశువు" అని రాసి
కాసేపు కళ్ళు తుడుచుకున్నాను.
అత్త పకపకా నవ్వింది,
"అది మా ఎర్రావుని కట్టిన రాయే, గుంటా!"
కొట్టేశాను.

నిజం పసివాళ్ళకి రాళ్ళు లేవు.
దక్షిణం గట్టున ఏడు సీతాఫలం చెట్లు.
వాటి కాయలు మా ఇంట్లో తినం, అమ్మం.
చిలకలకి ఆ పట్టింపు లేదు.
పేరు అనే గడి ఖాళీగా ఉంచాను.
"కాళీ ఎందుకు? ఇదిగో ఇది ఆదోరంది.
ఇది మంగళోరంది. ఆ పక్కది
తుపానొచ్చిన రేతిరిది" అంది అత్త,
ఒక్కో మొదలుని కర్రతో ముట్టుకుంటూ,
బడిలో హాజరు వేస్తున్నట్టు.

పడమటి మూల యోనా.
టేపు పరిచాను. మూడడుగుల రెండంగుళాలు.
ఇంకోసారి కొలిచాను.
అత్తా, మీసాలున్న మనిషికి ఇంత కురచ గొయ్యేంటి?

అత్త చాలాసేపు మాట్లాడలేదు.
జీడిగింజ ఒకటి రాలింది.

"ఆడందులో లేడు.
రంగం మీద బాంబులడితే
నడిచొస్తా అడవిలోనే పోనాడంట.
కూడా వొచ్చినోడు ఆడి గొడుగు తెచ్చిచ్చినాడు.
పాదిరిగారు ప్రార్దన చేసి దాన్నే కప్పెట్టినారు.
నాకారేళ్ళు. గొడుగు తెరిసి సూపించమని ఏడ్సినాను.
మాయమ్మ లాగి కొట్టింది.
నాకు గురుతున్న యోనా అంటే
ఆ దెబ్బే."

చేప కడుపులోంచి తిరిగొచ్చినవాడి పేరు పెట్టుకుని
తాను రాలేదు, గొడుగుని పంపాడు.
తెరుచుకోని ఆ నీడ
ఎనభై ఏళ్ళుగా మట్టిలో ముడుచుకుని ఉంది.
ఊచలు తుప్పుపట్టి ఉంటాయి,
పిడి వెదురుదైతే అదీ ఉండదు.
"స్థితి" అన్న గడిలో ఏం రాయను?
గొడుగు, అని రాశాను.

అడుగున కూడిక:
రాళ్ళు ఇరవై మూడు.
మనుషులు ఇరవై తొమ్మిది.
గొడుగు ఒకటి.
వీఆర్వో ఇది ఒప్పుకోడు.
ఒప్పుకునే లెక్క నాకు రాదు.

ఎండ మెట్ట దిగింది. అత్తని లేపి
దేవదానం తాత పక్కనించి వస్తూ చూస్తే
రాతి మీద చీమల బారు.
ప్రభువునందు ఎప్పుడో ఖాళీ అయింది.
"ని" సగం పోయింది.
ఒక్కో పలుకూ నెత్తిన పెట్టుకుని
కన్నంలోకి మోసుకుపోతున్నాయి మా పేరుని.

ఊదబోయాను.
"రాసీసుకున్నావు కదే,
తిననీ" అంది అత్త.